గాలాల గడ్డ, నా గొంతు

మా ఆయనకి ఇంట్లో నిద్ర పట్టదు. చాలామందికి పట్టదు, అదేం వింత అనుకుంటారేమో. వయసు మీద పడి పట్టకపోవడం వేరు, ఇది వేరు. మంచం మీద వాలగానే గుండె దడదడలాడి, రెండు చేతులతో మంచం అంచులు పట్టుకుని లేచి కూర్చుంటారు. పడిపోతున్నట్టు ఉంటుందట. మంచం తీసేసి చాప వేశాం. మూడో అంతస్తు ఖాళీ చేసి ఫిల్మ్‌నగర్ కొండ దిగువన కింది పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. నేల మీద చాప, చాప మీద మనిషి, ఇంకెక్కడికి పడతారండీ అని అడిగితే, "నాకేం దెల్సు" అని గోడ వైపు తిరిగేవారు.

ఆయన ఫైటర్. అంటే సినిమాల్లో హీరో చేతిలో తన్నులు తినే పని. బోరబండలో పుట్టి పెరిగిన మనిషి. నేను గుంటూరు జిల్లా దాన్ని. పెళ్ళికి ముందు మా అమ్మ "అబ్బాయి ఏం చేస్తాడే" అంటే "తన్నులు తింటాడమ్మా" అని చెప్పలేక "సినిమాల్లో చేస్తాడు" అన్నాను. తర్వాత ఎప్పుడో టీవీలో ఆయన ఎగిరి కూరగాయల బండి మీద పడటం చూసి, "పాపం, దెబ్బ తగిలిందేమో అడగవే" అని నాకు ఫోన్ చేసింది. అప్పుడు తగల్లేదు. ముసలితనం దగ్గర పడ్డాక, ఒక గోడౌన్ సెట్లో రేకుల కప్పు మీంచి అట్టపెట్టెల మీదకి దూకమన్నారు. అట్టపెట్టెలు ఒకచోట, ఆయన ఒకచోట పడ్డారు. వెన్ను అతుక్కుంది, నడక వచ్చింది. నిద్రే తిరిగి రాలేదు. డాక్టర్లు బిళ్ళలు మార్చారు, పేర్లు మార్చారు, చివరికి డాక్టర్లనే మేము మార్చాం.

ఆయన స్నేహితుడొకడు సెట్లు కట్టే వడ్రంగి మేస్త్రి. ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి, "అన్నను జర చెర్వుకు దీస్కపోత వదినె, రేపు దీస్కొస్త" అన్నాడు. చెరువంటే జూబ్లీహిల్స్ బండల వెనక పల్లంలో ఉన్నది. దాని పడమటి ఒడ్డున సర్కారు వారి ఖాళీ జాగా ఒకటి ఉండేది. ఎప్పుడో మున్సిపాలిటీ వాళ్ళే అక్కడ ఒక రేకుల షెడ్డు, ఒక కుళాయి, రెండు మరుగుదొడ్లు కట్టారు. గాలం వేసేవాళ్ళు శనివారం వచ్చి, టార్పాలిన్ కట్టుకుని, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళు. అడిగేవాడు లేడు, టికెట్టు లేదు. గాలాల గడ్డ అనేవాళ్ళు దాన్ని.

నాకిష్టం లేకపోయినా పంపాను. మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఆటోలో వెళ్ళాను. ఆయన టార్పాలిన్ కింద, నేల మీద, నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు. పక్కన గాలం కర్ర గడ్డిలో వాలిపోయి ఉంది. గురక పెడుతున్నారు. ఆ పక్కన ఎవరో చేపకి పొలుసు తీస్తున్నారు, ఇంకెవరో రేడియో సవరిస్తున్నారు, అయినా ఆ గురక ఆగలేదు. మొగుడి గురక విని ఏడ్చిన ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో. మేస్త్రి నన్ను చూసి, "లేపకు వదినె, రాత్రి సంది గట్లనే పండిండు" అన్నాడు. నేను ఆ కాఫీ మేస్త్రికి పోసి, మిగిలింది నేనే తాగేశాను.

అప్పట్నించి వారానికి ఒక రాత్రి నిద్ర. అదే ఆయన తిండి. మిగతా రోజులన్నీ ఆ ఒక్క రాత్రి మీద బతికేవారు. సోమవారం మనిషిలా ఉండేవారు, నాతో కబుర్లు చెప్పేవారు, గురువారానికి కళ్ళు లోపలికి పోయేవి, శుక్రవారం పిండిలో పసుపు కలిపి ఎర ముద్దలు చేసుకుంటుంటే మళ్ళీ మొహంలోకి రంగు వచ్చేది. పట్టిన చేపల్లో చిన్నవాటిని వదిలేసి పెద్దది ఒకటి తెచ్చేవారు. ఆయన దాన్ని రవ్వ అంటారు, నేను శీలావతి అంటాను. "మీ దిక్కు చేపకు గూడ ఆడపిల్ల పేరు వెడ్తరా" అని ఎగతాళి. ఆ నీళ్ళ చేప తినకూడదని నేను, తినకపోతే తెచ్చేదెందుకని ఆయన. ఆ పోట్లాటలు కూడా నాకు ముద్దుగానే ఉండేవి, ఎందుకంటే నిద్రపోయిన మనిషే పోట్లాడగలడు.

గడ్డ మీదికి వచ్చేవాళ్ళంతా మా బాపతే. లైట్‌మన్లు, కాస్ట్యూమ్ టైలర్లు, మోతీనగర్ నుంచి ఇద్దరు డ్రైవర్లు, టోలిచౌకిలో హోటల్ నడిపి కొడుక్కి అప్పగించేసిన ఒక పెద్దాయన. వారమంతా ఒకరి కేకలకి పరిగెత్తే మనుషులు. అక్కడ మాత్రం ఎవరూ గొంతు పెంచరు, చేప బెదురుతుందని.

ఆ తర్వాత బోర్డు పెట్టారు. చెరువు సుందరీకరణట. బొమ్మలో పడమటి ఒడ్డు మీద పూలమొక్కలూ, నడిచే బాటా, నీళ్ళలో రంగు దీపాలూ ఉన్నాయి. కుక్కపిల్లతో నడుస్తున్న ఒక అమ్మాయి కూడా ఉంది. గాలం పట్టుకున్న మనిషి ఎక్కడా లేడు. ఎదుటి కాలనీ వాళ్ళు చాలాకాలంగా పితూరీలు పెడుతున్నారని మేస్త్రి చెప్పాడు. లుంగీలు కట్టుకుని పడుకుంటారు, నీచు వాసన, ఎవరో ఏమో తెలియదు. ఏం తెలియాలి? వాళ్ళు చూసే ప్రతి సినిమాలోనూ ఆ లుంగీ మనుషులు వేసిన లైటు ఉంది, కుట్టిన గుడ్డ ఉంది.

అభ్యంతరాలుంటే చెప్పుకోండని కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. గడ్డ మీది మగాళ్ళంతా ఒక్కమాటగా నన్ను మాట్లాడమన్నారు. కారణం ఉంది. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. వయసులో ఉండగా తెలుగు రాని హీరోయిన్లకి తెలుగు చెప్పాను. ఇప్పుడు హీరోయిన్లు పోయి అత్తగార్లు మిగిలారు. మధ్యాహ్నం వచ్చే ఒక డబ్బింగ్ సీరియల్లో కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తగారి గొంతు నాదే. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గద వదినె, నువ్వైతే మంచిగ జెప్తవ్" అన్నాడు మేస్త్రి.  మీటింగు రోజు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డారు.

హాలు నిండా కాలనీ వాళ్ళు. మావాళ్ళు వెనక వరసలో, చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారు. విడవమని ఎవరూ అనలేదు. ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్తుడు. మనిషికి రెండు నిమిషాలన్నాడు. నా వంతు వచ్చింది. సిద్ధం చేసుకున్నవన్నీ పక్కన పెట్టి ఉన్నదున్నట్టు మొదలుపెట్టాను.

"అయ్యా, మావారు ఫైటర్‌గా చేశారు. ఎత్తు మీంచి పడ్డాక ఇంట్లో నిద్ర పోయింది. ఆ ఒడ్డున పడుకున్న రాత్రే ఆయనకి నిద్ర" అన్నాను.

అంతే. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. "అత్తగారే, అదే గొంతు" అని ఒకావిడ పైకే అంది. నవ్వులు మొదలయ్యాయి. చెడ్డ నవ్వులు కావు, సంబరం. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. నేను నిద్ర గురించి చెబుతున్నాను, వాళ్ళు కళ్ళు మూసుకుని తమ సీరియల్ వింటున్నారు. మావారి వెన్నెముక విరిగిందంటే ఒకావిడ పకపకా నవ్వింది. ఆవిడ తప్పు కాదు. ఆ గొంతుతో ఎవరి నడుం విరిగిందన్నా, విరగ్గొట్టింది నేనే అనిపిస్తుంది.

ఆఫీసరు చెయ్యెత్తి సద్దు మణిచాడు. హమ్మయ్య అనుకున్నాను. "మా అమ్మ రోజూ చూస్తుందండీ" అన్నాడు. "అందరూ అడుగుతున్నారు, ఒక్క డైలాగ్ చెప్పండి మేడమ్, తర్వాత మీ పాయింట్ విందాం."

నేను వెనక్కి చూశాను. మా ఆయన కుర్చీ అంచున కూర్చుని, చెప్పు అన్నట్టు తలాడించారు. చెబితే మనసు కరుగుతుందేమోనని ఆశ. చెప్పాను. "ఈ ఇంట్లో గడియారం కూడా నన్నడిగే గంట కొడుతుంది" అన్న మాట. హాలు మారుమోగిపోయింది. చప్పట్లు ఆగేసరికి నా రెండు నిమిషాలు అయిపోయాయని ఆఫీసరు పక్కనున్న అమ్మాయి గుర్తుచేసింది. తర్వాత వచ్చినాయన వాకింగ్ ట్రాకు వెడల్పు గురించి మాట్లాడాడు.

బయట మెట్ల మీద నాతో ఫోటోలు దిగారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని, "మీ గొంతు వింటే చాలండీ, పూనకం వచ్చేస్తుంది" అంది. వింటే చాలంది. ఏం చెప్పానో మాత్రం విన్నది లేదు. ముప్పై ఏళ్ళుగా వేరేవాళ్ళ నోళ్ళకి మాటలు పోసి, నా నోటితో నా మాట ఒక్కటి చెప్పబోతే అది నాదని ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నాకు వచ్చిన ఏడుపు అవమానంతో కాదు. ఇక నేనేం చెప్పినా ఇంతేనన్న తెలివిడి వచ్చి.

గడ్డ చుట్టూ రేకులు కట్టేశారు. షెడ్డు పడగొట్టారు. పనులయ్యేదాకా ఎవరూ రాకూడదన్నారు. మేస్త్రి వేరే చెరువులు చూపించాడు. ఒకచోట కాంట్రాక్టరు తరిమాడు, ఒకచోట దోమలు తరిమాయి, ఒకచోట ఎవరూ తరమలేదు గానీ ఆయనకి నిద్ర రాలేదు. నిద్రకి కూడా అలవాటైన చోటు ఉంటుంది కాబోలు. ఇంట్లో మళ్ళీ గోడకానుకుని కూర్చోవడం మొదలైంది. చిక్కిపోయారు. చేతిలో గ్లాసు ఉన్నట్టుండి జారిపోయేది. నామీద ఎప్పుడూ విసుక్కోని మనిషి, కుక్కర్ కూతకి విసుక్కునేవారు.

అలాంటి రోజుల్లో ఆఫీసరు దగ్గర్నించి ఫోను. చెరువు దగ్గర స్పీకర్లు పెడుతున్నారట. సందర్శకులకి సూచనలు, స్వాగతం, అవన్నీ నా గొంతులో ఉంటే బాగుంటుందని పైవాళ్ళు కూడా అన్నారట. "గాలాల సంగతేమైందండీ" అన్నాను. "ఇంకా పరిశీలనలోనే ఉంది మేడమ్. మీరొకసారి వచ్చి కలిస్తే నాకు కూడా చెప్పడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాను. పారితోషికం వద్దన్నాను. మంచిచీర కట్టుకుని మరీ వెళ్ళాను.

చిన్న స్టూడియో. అద్దం అవతల ఆఫీసరు కుర్రవాడు, రికార్డింగ్ చేసే అబ్బాయి. స్వాగతం చెప్పాను, చెత్త వేయొద్దని చెప్పాను, పిల్లల్ని నీళ్ళ దగ్గరికి వదలొద్దని చెప్పాను. తర్వాతి మాట చూసి ఆగిపోయాను. గాలం వేయడం, రాత్రి బస చేయడం నిషేధం అని ఉంది.

"ఇదేంటండీ" అన్నాను మైకులోనే.

ఆఫీసరు టక్కున లోపలికి వచ్చాడు. "కంగారు పడకండి మేడమ్, రెండు వెర్షన్లు ఉన్నాయి, కింద చూడండి." కింద ఉంది. శని, ఆదివారాల్లో పడమటి ఒడ్డున గాలం వేసేవారికి ప్రవేశం, రాత్రి బసకు అనుమతి. "ఫైనల్ అయ్యేది ఏదో తెలీదు కదా. మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా రెండూ చెప్పి పెట్టేస్తే..."

బయటివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మాకు కాదు. సెన్సారు వాళ్ళు ఏ మాటకి అడ్డం చెబుతారో తెలియదు కాబట్టి, అనుమానమున్న డైలాగుని మేం ఎప్పుడూ రెండు రకాలుగా చెప్పి పెడతాం. తిట్టు ఒకటి, తిట్టు బదులు మెత్తని మాట ఒకటి. ఏది ఉంచాలో వాళ్ళు చూసుకుంటారు, మేం ఇంటికి పోతాం. పుట్టి బుద్ధెరిగాక ఇంతకంటే మామూలు పని నేను చేయలేదు. ఆఫీసరు వెర్షన్లు అనగానే నా భయం సగం చచ్చిపోయింది. రెండూ చెప్పాను.

ఒక్కటి దాచకుండా చెప్పాలి. నిషేధం అన్న మాట మొదటిసారి కొంచెం కరుకుగా పడింది. అద్దం అవతల అబ్బాయి ఓకే అన్నాడు. నేనే వన్ మోర్ అడిగాను. విన్నవాళ్ళు నొచ్చుకోకుండా, అయినా మాట దాటకుండా ఉండాలి, అదీ అందులో పట్టు. రెండోసారి పట్టు దొరికింది. చాలా బాగా వచ్చింది. ఆ సంతోషంతోనే బయటికొచ్చాను.

ఇంటికెళ్ళి ఆయనకి అనుమతి మాట ఒక్కటే చెప్పాను. ప్రవేశం, బస, శని ఆదివారాలు, నా నోటితోనే రికార్డయిందని చెప్పాను. నిషేధం సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఆయన "అయితే పక్కానా" అన్నారు. "పక్కానే" అన్నాను. ఆ సాయంత్రం గాలం కర్రలు కిందికి దించి, రీలుకి నూనె వేసి, దారం కొత్తది ఎక్కించారు. మేస్త్రికి ఫోన్ చేసి, "మీ వదినె పని జేసిందిరా" అని గొప్పలు పోయారు. ఆఫీసరుకి నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత నాకు ఆనాడే గుర్తు రావాల్సింది. పనుల్లో ఉండుంటాడులే అని సర్దుకున్నాను.

పార్కు తెరిచిన వారంలోనే శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. మేస్త్రికి షూటింగ్ పడింది, రాలేకపోయాడు. ఇద్దరమే. ఆయన కొత్త టార్పాలిన్ చుట్టి భుజాన వేసుకున్నారు, చేతిలో కర్రలు. నా సంచిలో ఎర ముద్దలు, పులిహోర. టికెట్టు కొన్నాం. లోపల నాలుగడుగులు వేశామో లేదో, గేటు దగ్గర కాపలా ఉన్న పిల్లాడు పరిగెత్తుకొచ్చి కర్రలు పట్టుకున్నాడు.

"ఏడికి పెద్దాయన గివన్ని దీస్కొని?"

"గాలానికి. పర్మిషన్ ఉంది" అన్నారు ఆయన, నావైపు చూస్తూ.

పిల్లాడు పైనున్న స్పీకరు వైపు వేలు చూపించాడు. స్వాగతం అయిపోయి, చెత్త అయిపోయి, పిల్లల జాగ్రత్త నడుస్తోంది.  తర్వాత వచ్చేదేమిటో మా ఇద్దరిలో నాకొక్కదానికే తెలుసు. అయినా రెండోది వస్తుందేమో, ఆ అనుమతి మాట వస్తుందేమో అని స్పీకరు కిందే నిలబడ్డాను.

"ఇక్కడ గాలం వేయడం, రాత్రి బస చేయడం నిషేధం. దయచేసి సహకరించండి" అంది నా గొంతు. వన్ మోర్ అడిగి మరీ చెప్పిందే. ఎక్కడా కరుకు లేదు.

"మేడమ్ అంత మంచిగ చెప్తున్నది గద, వినవడ్తలేదా నీకు?" అన్నాడు పిల్లాడు.

ఆయన నన్ను చూడలేదు. స్పీకరునే చూస్తూ, "వినవడ్డది బిడ్డా" అన్నారు. "మంచిగనే చెప్పింది." అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. కర్రలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, టార్పాలిన్ సర్దుకుని గేటు వైపు నడిచారు. నేను వెనకాల నడిచాను. దారిలో ఒడ్డు కనిపించింది. మేస్త్రి వాళ్ళు పడుకునే చోట గుండ్రంగా బంతిపూల మొక్కలు వేశారు. బాగున్నాయి కూడా. గేటు దాటేలోపు నా గొంతు నన్ను మరొకసారి సహకరించమంది.

ఆఫీసరు చివరికి ఒకనాడు ఫోన్ ఎత్తాడు. "రెండూ పంపాం మేడమ్, సెలెక్షన్ మా చేతుల్లో ఉండదు. కానీ అందరూ మీ వాయిస్‌ని చాలా మెచ్చుకుంటున్నారు" అన్నాడు. తీసేయమని అడిగాను. పరిశీలిస్తామన్నాడు.

రెండు వెర్షన్ల సంగతి మా ఆయనకి చెప్పేశాను. తిడతారనుకున్నాను. "నువ్వేం జేస్తవ్ తియ్" అన్నారు.  గాలం కర్రలు మేస్త్రికి ఇచ్చేశారు. సీరియల్ ఇంకా నడుస్తోంది, నేను పనికి వెళ్తున్నాను, వెళ్ళకపోతే ఇల్లు గడవదు.

ఆయనకి నిద్ర లేదు. చాప మీద, గోడకానుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంటారు. నా దగ్గర మందు లేదు, చెరువు లేదు, చెప్పడానికి రెండో మాట లేదు. కాసేపు పడుకోండి అంటాను. ఆ ఒక్కమాటా అదే గొంతుతో అనాలి.